‘కంటే’ ఉన్నచోట విశేషణం మారాలి: ఇంగ్లీషులో పోలిక చెప్పే పద్ధతి

అమీర్‌పేటలో సాయంత్రం పూట, ఉద్యోగాల ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యేవారికి నేను ఇంగ్లీషు చెబుతుంటాను. ఈమధ్య ఒక మాదిరి ఇంటర్వ్యూలో, ‘మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి’ అన్న ప్రశ్నకు ఒక యువకుడు ‘ఐ యామ్ మోర్ బెటర్ దేన్ అదర్స్’ అని తడుముకోకుండా జవాబిచ్చాడు. ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి తప్పు ఎక్కడుందని అడిగితే, ‘మోర్’ తీసేయాలని ఇద్దరు, ‘బెటర్’ తీసి ‘గుడ్’ పెట్టాలని ఒకరు అన్నారు. ఆ యువకుడు మాత్రం, “సార్, ‘ఇంకా మంచి’ అనాలంటే ‘మోర్’ ఉండాలి కదండీ?” అని నన్నే అడిగాడు. అడగవలసిన ప్రశ్నే అది, ఎందుకంటే ఈ తప్పు అజాగ్రత్త వల్ల వచ్చినది కాదు, తెలుగులో పోలిక చెప్పే తీరు నుంచి వచ్చినది.

‘చార్మినార్ మక్కా మసీదు కంటే పాతది’ అన్న వాక్యం చూడండి. చార్మినార్ 1591 నాటిది, మక్కా మసీదు పూర్తయినది 1694లో. ఇక్కడ పోలిక బరువంతా ‘కంటే’ అన్న ఒక్క మాటే మోస్తోంది. ‘పాత’ అన్న విశేషణం, పోలిక లేని ‘పాత ఇల్లు’లో ఎలా ఉందో ఇక్కడా అలాగే ఉంది. ఇంగ్లీషు ఇంతటితో ఒప్పుకోదు. ‘కంటే’కు బదులు ‘దేన్’ పెట్టాలి, దానితోపాటు ‘ఓల్డ్’ను ‘ఓల్డర్’ చేయాలి. అలవాటు కొద్దీ మనం ఆ రెండో పని మరిచిపోయి ‘చార్మినార్ ఈజ్ ఓల్డ్ దేన్ మక్కా మసీద్’ అంటాము, లేదా మరిచిపోతామేమో అన్న భయంతో రెండుసార్లు చేసి ‘మోర్ ఓల్డర్’ అంటాము. కాబట్టి మొదటి సూత్రం ఇది: మీ మనసులోని తెలుగు వాక్యంలో ‘కంటే’ గానీ ‘కన్నా’ గానీ వినిపిస్తే, విశేషణాన్ని మార్చండి, అయితే ఒక్కసారే మార్చండి.

విశేషణం రూపం మారడమన్నది మనకు బొత్తిగా కొత్తదేమీ కాదు. ‘తారతమ్యం’ అన్న మాటే సంస్కృతంలోని ‘తర’, ‘తమ’ ప్రత్యయాల నుంచి పుట్టింది. గురుతరమైన బాధ్యత, ప్రియతమ మిత్రుడు అన్నప్పుడు మనం వాడేవి అవే. ఇంకా దగ్గరి చుట్టరికం మరొకటుంది. జ్యేష్ఠుడు, కనిష్ఠం, గరిష్ఠం అన్న మాటల చివర వినిపించే ‘ఇష్ఠ’కూ, ఇంగ్లీషు ‘ఓల్డెస్ట్’, ‘స్మాలెస్ట్’ల చివరి ‘ఎస్ట్’కూ మూలం ఒక్కటే. రోజూ పత్రికలో చదివే గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుంచుకుంటే, ‘హయ్యెస్ట్’, ‘లోయెస్ట్’ వేరే బట్టీపట్టనక్కరలేదు.

ఇక రూపాలు తయారుచేసే పద్ధతి. పలికేటప్పుడు ఒక్క అచ్చు మాత్రమే వినిపించే చిన్న మాటలకు పోలికలో ‘అర్’, అన్నింటిలోకీ అన్నప్పుడు ‘ఎస్ట్’ చేరుతాయి: టాల్, టాలర్, టాలెస్ట్. రాతలో మూడు చోట్ల చెయ్యి తడబడుతుంది. ‘లార్జ్’లాగా చివర ఇప్పటికే ‘ఈ’ అక్షరం ఉన్న మాటకు ఇంకో ‘ఈ’ అక్కరలేదు. ‘బిగ్’, ‘హాట్’, ‘థిన్’లలోలాగా చివరి హల్లుకు ముందు ఒకే అచ్చక్షరం ఉంటే ఆ హల్లును రెండుసార్లు రాయాలి, అందుకే ‘బిగ్గర్’లో రెండు ‘జి’లు ఉంటాయి. ‘హెవీ’, ‘ఈజీ’ వంటి మాటల చివరి ‘వై’ అక్షరం ‘ఐ’గా మారి ‘హెవియర్’, ‘ఈజియెస్ట్’ అవుతాయి. పొడవైన మాటలను కదపకుండా వాటి ముందు ‘మోర్’, ‘మోస్ట్’ ఉంచాలి: మోర్ ఎక్స్‌పెన్సివ్, మోస్ట్ ఇంపార్టెంట్. రెండు అచ్చులు వినిపించే మాటల దగ్గరే చిక్కు. ‘వై’తో ముగిసేవి సాధారణంగా ‘అర్’ తీసుకుంటాయి. ‘యూస్‌ఫుల్’, ‘కేర్‌లెస్’, ‘బోరింగ్’, ‘ఫేమస్’ వంటివి ‘మోర్’నే కోరుకుంటాయి. ‘క్లెవర్’, ‘సింపుల్’ వంటివాటికి రెండు దారులూ చెల్లుతాయి. సందేహం వచ్చినప్పుడు ‘మోర్’ వైపు మొగ్గడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ‘మోర్ సింపుల్’ వింటే ఎవరూ నవ్వరు గాని ‘ఫేమసర్’ వింటే నవ్వుతారు. గుడ్–బెటర్–బెస్ట్, బ్యాడ్–వర్స్–వర్స్ట్, లిటిల్–లెస్–లీస్ట్, మచ్–మోర్–మోస్ట్ మాత్రం ఏ సూత్రానికీ లొంగవు, కంఠస్థం చేయవలసిందే.

‘అన్నింటిలోకీ’ అన్న భావం దగ్గర తెలుగు మనల్ని మరోసారి పక్కదారి పట్టిస్తుంది. ‘అన్నింటికంటే ఎత్తయినది’ అన్నప్పుడు కూడా మనం ‘కంటే’నే వాడతాము గనుక, చాలామంది ‘టాలర్ దేన్ ఆల్’ అని రాస్తారు. అక్కడ కావలసినది ‘ది టాలెస్ట్’, దాని ముందు ‘ది’ తప్పనిసరి. హుస్సేన్ సాగర్ నడుమ 1992లో ప్రతిష్ఠించిన బుద్ధ విగ్రహం సుమారు 58 అడుగులది. ఆ చెరువు ఒడ్డునే 2023లో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం 50 అడుగుల పీఠం మీద నిలిచిన 125 అడుగులది. నగర శివార్లలో, ముచ్చింతల్‌లో 2022లో ఆవిష్కరించిన రామానుజాచార్యుల విగ్రహం పీఠంతో కలిపి 216 అడుగులది. పీఠాలతో సహా లెక్కిస్తే అంబేడ్కర్ విగ్రహం బుద్ధ విగ్రహం కంటే ‘టాలర్’, రామానుజుల విగ్రహం ‘ది టాలెస్ట్ ఆఫ్ ది త్రీ’. ఆ గుంపును సంఖ్యతో చెబితే ‘ఆఫ్’, ఊరితో చెబితే ‘ఇన్’ వస్తుంది. తెలుగులో రెండింటికీ ‘లో’ ఒక్కటే సరిపోతుంది గనుక ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. పీఠాన్ని ఒకచోట కలిపి మరోచోట వదిలేస్తే పోలికే చెడుతుంది. వాక్యంలోనూ అంతే. ‘విజయవాడ ఎండ కంటే హైదరాబాద్ ఎండ నయం’ అన్నదాన్ని ‘ది సమ్మర్ ఇన్ హైదరాబాద్ ఈజ్ మైల్డర్ దేన్ విజయవాడ’ అని రాస్తే, ఎండను ఊరితో పోల్చినట్టవుతుంది. ‘దేన్ దట్ ఇన్ విజయవాడ’ అనాలి.

‘ఈ రెండింట్లో ఏది మంచిది?’ అని కొట్టులో అడుగుతాము. అందులో ‘కంటే’ లేకపోయినా అది పోలికే, కాబట్టి ‘విచ్ ఈజ్ గుడ్’ అనకుండా ‘విచ్ ఈజ్ బెటర్’ అనాలి. ‘వన్ ఆఫ్ ది బెస్ట్’ తర్వాత వచ్చే నామవాచకం ఎప్పుడూ బహువచనంలోనే ఉండాలి. ‘వన్ ఆఫ్ ది బెస్ట్ స్టూడెంట్’ అన్న తప్పు నేను దిద్దే కాగితాల్లో తరచుగా కనిపిస్తుంది.

మనకు ఒక్క ‘చాలా’ ఉన్నచోట ఇంగ్లీషుకు రెండు మాటలున్నాయి. ‘చాలా పెద్దది’ అంటే ‘వెరీ బిగ్’, ‘దీనికంటే చాలా పెద్దది’ అంటే ‘మచ్ బిగ్గర్’. పోలిక రూపం పక్కన ‘వెరీ’ నిలవదు. ‘కొంచెం పెద్దది’ అన్నప్పుడు ‘ఎ లిటిల్ బిగ్గర్’ అనాలి, అందులో ‘ఎ’ జారిపోకూడదు.

ఆఫీసుల్లో ఎక్కువగా వినిపించే తప్పు ‘హీ ఈజ్ సీనియర్ దేన్ మీ’. ‘సీనియర్’, ‘జూనియర్’, ‘సుపీరియర్’ అన్న మాటలు లాటిన్‌లోనే పోలిక రూపాలుగా తయారై వచ్చాయి, వాటి పక్కన ‘దేన్’ బదులు ‘టు’ రావాలి. ‘ప్రిఫర్’ కూడా ‘టు’నే కోరుతుంది: ‘ఐ ప్రిఫర్ టీ టు కాఫీ’.

సమానతకు ‘యాజ్ – యాజ్’ ఉంది, మధ్యలో మార్పు లేని విశేషణమే ఉంటుంది. హైదరాబాద్ మెట్రోలో మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం మార్గాలు దాదాపు 29 కిలోమీటర్ల చొప్పున ఉన్నాయి కనుక మొదటిది రెండోదానితో ‘ఆల్మోస్ట్ యాజ్ లాంగ్ యాజ్’, 11 కిలోమీటర్ల జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గం మూడింటిలో ‘ది షార్టెస్ట్’. ఇక ‘ఎంత త్వరగా అయితే అంత మంచిది’ అన్నది ఇంగ్లీషులోకి హాయిగా దిగే వాక్యం: ‘ది సూనర్, ది బెటర్’. మన ‘ఎంత – అంత’ జంటలో రెండుచోట్లా ‘ది’ పెట్టి, రెండు విశేషణాలనూ పోలిక రూపంలో ఉంచితే చాలు.

ఆ యువకుడి వాక్యానికి వస్తే, ‘మోర్’ కొట్టేస్తే వ్యాకరణం సరిపోతుంది గాని, ఎదుట కూర్చున్నవారికి ఆ ‘అదర్స్’ ఎవరో తెలియదు, అతనికీ తెలియదు. తనకు తెలిసిన దేనితోనైనా పోల్చుకోమన్నాను. కాసేపు ఆలోచించి, వేళ్ల మీద మాటలు లెక్కపెట్టుకుంటూ చెప్పాడు: ‘ఐ యామ్ మచ్ ఫాస్టర్ అట్ టెస్టింగ్ దేన్ ఐ వాజ్ లాస్ట్ ఇయర్.’