రెండర్ నిండా ఇసుక చల్లినట్టు నాయిజ్ వస్తోందా? ఇలా తగ్గించండి

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ నల్లదనంలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. రాయిలో ఉండే బ్రాంజైట్ అనే ఖనిజం మెరుపది. ఒంగోలులో ఒక ఇంటి వంటగదికి త్రీడీ చేసినప్పుడు గట్టు మీద ఆ రాయే పెట్టాను. రెండర్ (కంప్యూటర్ లెక్కగట్టి తీసే చివరి బొమ్మ) నిండా నాయిజ్, అంటే ఇసుక చల్లినట్టు గరుకు చుక్కలు. ఆ నాయిజ్‌ను తుడిచే డీనాయిజ్ ఆన్ చేస్తే నున్నగా వచ్చింది, పంపేశాను. ఇంటాయన క్వారీల్లో పనిచేసిన మనిషి. "ఇదేంది బాబూ, చుక్కలేయి? ఇది గెలాక్సీ కాదు, ఏదో నల్ల టైలు" అన్నాడు. ఆయన మాట నిజం. నాయిజ్ ఏదో, రాతి చుక్క ఏదో తేడా తెలియక డీనాయిజర్ రెండింటినీ తుడిచేసింది. అప్పటినుంచి నాయిజ్‌ను ముందు వెలుతురు దగ్గరే తగ్గిస్తున్నాను. నేను వాడేది బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో రెండర్ చేసిపెట్టే సైకిల్స్, కింద చెప్పే పేర్లన్నీ అందులోవే.

అసలు నాయిజ్ ఎందుకొస్తుంది? సైకిల్స్ ప్రతి పిక్సెల్ నుంచీ కిరణాలు వదులుతుంది. అవి గోడలకు తగిలి తిరుగుతూ లైటునో ఆకాశాన్నో చేరితేనే ఆ పిక్సెల్‌కు వెలుతురు. గదికి ఒక్కటే కిటికీ ఉంటే చాలా కిరణాలు గోడల మధ్యే ఆగిపోతాయి. ఒక పిక్సెల్‌కు వెలుతురు దొరుకుతుంది, పక్కదానికి దొరకదు.

ముందుగా డీనాయిజ్ తీసేయండి. కెమెరా వ్యూలో కంట్రోల్ బి నొక్కి, నాయిజ్ ఎక్కువున్న మూలకు మాత్రం గడి గీసి రెండర్ చేయండి. లైట్లు ఒక్కొక్కటే దాచి చూస్తే దోషి ఏదో దొరుకుతుంది.

వెలుతురు ఆకాశం నుంచి, అంటే వరల్డ్ సెట్టింగ్ నుంచి వస్తుంటే ప్రతి కిటికీకీ, తెరిచిన తలుపుకూ ఒక ఏరియా లైట్ పెట్టండి. సైజు కిటికీకి సరిపోవాలి, ముఖం గదిలోకి ఉండాలి. లైట్ సెట్టింగుల్లో పోర్టల్ టిక్ చేయండి. అది సొంతంగా వెలగదు, ఆకాశం ఎటువైపుందో కిరణాలకు దారి చూపిస్తుంది.

చాలామంది తప్పిపోయేది కిటికీ అద్దం దగ్గర. మామూలు గ్లాస్ మెటీరియల్ పెడితే నీడను లెక్కగట్టే కిరణానికి అద్దం అడ్డుగోడ అవుతుంది, పోర్టల్ పెట్టినా ఫలితం ఉండదు. కెమెరాకు అద్దం కనబడకపోతే తీసేయండి. కనబడితే మెటీరియల్‌లో గ్లాస్‌నూ ట్రాన్స్‌పరెంట్‌నూ మిక్స్ షేడర్‌తో కలిపి, లైట్ పాత్ నోడ్‌లోని ఈజ్ షాడో రే ను ఫ్యాక్టర్‌కు ఇవ్వండి. అద్దం అద్దంలాగే కనబడుతుంది, వెలుతురు మాత్రం నేరుగా లోపలికొస్తుంది.

గాజు డూములో బల్బుదీ ఇదే గొడవ. డూమును ఎంచుకుని ఆబ్జెక్ట్ ప్రాపర్టీస్, విజిబిలిటీ, రే విజిబిలిటీలో షాడో తీసేయండి. ఫాల్స్ సీలింగ్‌లో పాతిక లైట్లుంటే లైట్ ట్రీ (ఎక్కడ ఏ లైటు ముఖ్యమో చూసి కిరణాల్ని అటు పంపే సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. అది 2023లో వచ్చిన 3.5 వెర్షన్ నుంచీ ఉంది.

అక్కడక్కడ తెల్లగా మెరిసే చుక్కలు మిగిలితే లైట్ పాత్స్‌లో రెండు కాస్టిక్స్ (గాజు, మెరిసే వస్తువుల వల్ల పడే వెలుగు మరకలు) టిక్కులూ తీసేసి, తగిలి తిరిగొచ్చే వెలుతురుకు పరిమితి పెట్టే ఇన్‌డైరెక్ట్ క్లాంప్‌ను 10 నుంచి 5కు దించండి. ఇంకా దించితే గది చీకటిపడుతుంది, నాకైతే ఇష్టం ఉండదు.

శాంపిల్స్, అంటే ఒక్కో పిక్సెల్‌కు వదిలే కిరణాల సంఖ్య, పెంచడం వీటన్నిటి తర్వాతే. నాయిజ్ సగం కావాలంటే శాంపిల్స్ 4 రెట్లు కావాలి. 256తో వచ్చిన నాయిజ్‌ను సగం చేయాలంటే 1024, మళ్లీ సగం చేయాలంటే 4096. టైమూ దాంతోపాటే పెరుగుతుంది. పోర్టల్ పెట్టడానికి పట్టేది రెండు నిమిషాలు.

ఇప్పుడు డీనాయిజ్ ఆన్ చేయండి. ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్ ఎంచుకుని, పాసెస్‌లో ఆల్బెడో అండ్ నార్మల్ (వస్తువుల అసలు రంగు, ఉపరితలం ఎటు తిరిగుందో చెప్పే విడి బొమ్మలు), ప్రీఫిల్టర్‌లో ఆక్యురేట్ పెట్టండి. రంగు పాస్, అంటే ఆల్బెడో, చూసి డీనాయిజర్ మెటీరియల్ డిజైన్‌ను గుర్తుపడుతుంది. అందుకే గెలాక్సీ చుక్కల్ని మెరుపులోనే కాకుండా బేస్ కలర్ టెక్స్చర్‌లోనూ ఉంచాలి. నా పాత ఫైల్‌లో లేనిది అదే.

వ్యూ లేయర్ పాసెస్‌లో డీనాయిజింగ్ డేటా టిక్ చేసి రెండర్ ఇస్తే, నాయిజ్ ఉన్న ఇమేజ్ కూడా ఫలితంలో దొరుకుతుంది. రెండింటినీ గట్టు దగ్గర జూమ్ చేసి మార్చి మార్చి చూడండి. చుక్కలు రెండింట్లోనూ అక్కడే ఉంటే పంపించొచ్చు.