సప్లయర్‌ని మార్చే ముందు: లోపం ఎక్కడుందో తేల్చుకునే పద్ధతి

విజయవాడ ఆటోనగర్‌లోనైనా, కొండపల్లి ఐడీఏలోనైనా మిషన్లు తయారుచేసే చిన్న కంపెనీల్లో పర్చేజ్ చూసేవాళ్ల నోట తరచూ వినే మాట ఒకటుంది: "ఇతనితో వేగలేం సార్, ఇంకొకర్ని చూద్దాం." ఇంకొకర్ని చూస్తారు. కొన్నాళ్లకు మళ్లీ అదే మాట. సప్లయర్ మారినా మన పీఓ (పర్చేజ్ ఆర్డర్) మారదు, డ్రాయింగ్ మారదు, డబ్బిచ్చే తీరు మారదు. ఇక సమస్య ఎలా మారుతుంది? అందుకే కారణం మన దగ్గరుందా, అతని దగ్గరుందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఉదాహరణలు కారం మిల్లులు, కన్వేయర్లు చేసే యూనిట్ల నుంచి తీసుకుంటున్నాను. గుంటూరు పక్కనే ఉండగా మనకు బాగా తెలిసిన మిషన్లు అవే.

సమస్య: అక్కడ ఓకే అన్న సైజు ఇక్కడ రిజెక్ట్ అవుతోంది

అన్నిటికంటే ఎక్కువ గొడవలు దీని మీదే. 6208 బేరింగ్ కూర్చునే షాఫ్ట్ తీసుకుందాం. బేరింగ్ బోరు (లోపలి రంధ్రం) 40 మి.మీ. చాలా డ్రాయింగుల్లో షాఫ్ట్ దగ్గర ఉత్త "40" అనే ఉంటుంది. లేత్ మీదున్న కుర్రాడు బేరింగ్ సులువుగా ఎక్కాలని 39.95కి దించేస్తాడు. ఎక్కుతుంది కూడా. మిల్లు కొన్నాళ్లు తిరిగాక బేరింగ్ లోపలి రింగు షాఫ్ట్ మీదే జారుతూ తిరిగి, సీటింగ్ అరిగిపోతుంది. దీనికి సప్లయర్‌ని తిట్టి లాభం లేదు, కారణం మన డ్రాయింగే. అక్కడ 40 కె6 (సైజులో ఎంత తేడా ఒప్పుకోవచ్చో చెప్పే గుర్తు) అని రాసి, పక్కనే 40.002 నుంచి 40.018 వరకు అని అంకెల్లో కూడా వేయండి. కె6 అంటే తెలియని టర్నర్లు ఉండొచ్చు గానీ అంకెలు తెలియనివాళ్లు ఉండరు.

డ్రాయింగ్ సరిచేశాక కూడా గొడవ ఆగకపోతే, దేంతో కొలుస్తున్నారో చూడండి. మామూలు వెర్నియర్ చూపించగల కనీస తేడా 0.02 మి.మీ. మనం ఇచ్చిన టాలరెన్సే (ఒప్పుకునే తేడా) మొత్తం 0.016. కాబట్టి వెర్నియర్ పెట్టి ఈ సైజు మీద వాదించుకోవడం దండగ. రెండు చోట్లా మైక్రాన్ (మి.మీ.లో వెయ్యో వంతు) చూపించే మైక్రోమీటర్ ఉండాలి, రెండింటినీ ఒకే సెట్టింగ్ పీస్‌తో (కచ్చితమైన సైజు తెలిసిన ముక్కతో) సరిచూసుకోవాలి.

చాలామంది పట్టించుకోని కారణం వేడి. లేత్ మీంచి అప్పుడే దిగిన షాఫ్ట్, దాన్ని కొలిచే మైక్రోమీటర్ కంటే 20 డిగ్రీలు వేడిగా ఉందనుకోండి. ఉక్కు డిగ్రీకి మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. ఆ లెక్కన 40 మి.మీ. మీద 9 మైక్రాన్లు ఎక్కువ చూపిస్తుంది. మన టాలరెన్సులో సగానికి పైగా అందులోనే పోయింది. వేడి మీద 40.008 చూపించి పాసైన షాఫ్ట్, రాత్రికి చల్లారి పొద్దున మన స్టోర్స్‌లో 39.999 అంటుంది. ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో విజయవాడ షెడ్డులో అది కుదరని పని. కనీసం షాఫ్టునూ మైక్రోమీటర్‌నూ ఒకే బల్ల మీద రెండు గంటలు ఉంచి, ఆ తర్వాత కొలవాలి. ఈ ఒక్క వాక్యం పీఓలో రాయండి, సగం రిజెక్షన్ గొడవలు తగ్గుతాయని నా నమ్మకం.

సమస్య: ఈఎన్8 అడిగితే మెత్తటి ఎంఎస్ వచ్చింది

ఈఎన్8 అంటే ఎంఎస్ (మైల్డ్ స్టీల్) కంటే కార్బన్ ఎక్కువున్న గట్టి ఉక్కు. షాఫ్టు మీద కీ కూర్చునే గాడి (కీవే) అంచులు నలిగిపోవడం మొదటి సూచన. కావాలని మోసం చేసేవాళ్లు లేకపోలేదు. అయితే రాక్‌లో రౌండ్లు (గుండ్రటి కడ్డీలు) కలిసిపోవడం కూడా అంతే మామూలు. హీట్ నంబర్ (ఆ ఉక్కు ఏ కరుగులోదో చెప్పే నంబర్) ఉన్న కొసను ముందు కోసేస్తే మిగిలిన ముక్క ఏమిటో ఎవరికీ తెలియదు. కోసే ముందే ఆ నంబర్‌ని మిగిలే ముక్క మీద పంచ్ చేయాలని షరతు పెట్టండి. టెస్ట్ సర్టిఫికెట్ జిరాక్స్ కాగితం ఒక్కటే చూసి సరుకు దించుకోవద్దు. దాని మీది హీట్ నంబరూ, రౌండ్ మీది నంబరూ ఒకటేనా చూడండి. అనుమానం వస్తే గ్రైండింగ్ వీల్‌కి ఆనించండి. ఎంఎస్ రవ్వలు పొడుగ్గా సాగుతాయి, ఈఎన్8 రవ్వలు ఎక్కువగా చిట్లుతాయి. అంతకీ తేలకపోతే ల్యాబ్‌లో స్పెక్ట్రో టెస్ట్ (లోహంలో ఏది ఎంతుందో చెప్పే పరీక్ష) చేయించాలి. ఈఎన్8లో కార్బన్ 0.36 నుంచి 0.44 శాతం మధ్య ఉండాలి.

సమస్య: వానాకాలంలో కాస్టింగుల్లో బ్లో హోల్స్

మౌల్డింగ్ ఇసుకలో తేమ ఎక్కువైతే, పోసిన లోహం వేడికి ఆ తేమ ఆవిరై, బయటికి పోయే దారి లేక లోపలే గుల్లలు చేస్తుంది. ఇసుక తేమ రోజూ చూస్తున్నారా అని ఫౌండ్రీ (పోత పోసే షాపు) వాళ్లని అడగండి. మొదటి కాస్టింగ్‌ని మెషినింగ్ చేసి చూశాకే మిగతావి పోయమనండి.

సమస్య: ఎప్పుడూ లేటే

ముందు మన అకౌంట్స్ సెక్షన్‌లో అడగండి: అతని పాత బిల్లు ఎన్ని రోజులుగా ఉంది? బాకీ పెట్టినవాడి పని ఎవరైనా పక్కన పెడతారు. సప్లయర్‌కి సూక్ష్మ లేదా చిన్న సంస్థగా ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే చట్టం కూడా అతని వైపే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడింతల మీద, నెలనెలా అసలులో కలుపుతూ చక్రవడ్డీ పడుతుంది. పైగా 2023-24 నుంచి, అలా గడువు దాటిన బాకీని ఆదాయపు పన్ను లెక్కలో కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి.

బిల్లులు సరిగ్గానే ఇస్తున్నా లేటైతే క్యాలెండర్ చూడండి. మిర్చి సీజన్ ముందు మిల్లుల ఆర్డర్లన్నీ ఒకేసారి పడతాయి. సంక్రాంతికి పనివాళ్లు ఊళ్లకు పోతారు. జనవరిలో కావాల్సిన షాఫ్టులకు డిసెంబరులో పీఓ ఇచ్చి టెన్షన్ పడితే ఏం లాభం? దసరాకల్లా ఆర్డర్ ఇచ్చి, మెటీరియల్ కొనడానికి కొంత అడ్వాన్స్ ఇవ్వండి.

సమస్య: పన్ను కట్టాం, 2బీలో బిల్లు కనబడటం లేదు

నెలనెలా రిటర్న్ వేసే సప్లయర్ 11వ తేదీలోగా జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) వేస్తే, 14న మన 2బీలోకి (మనకు రావాల్సిన పన్ను క్రెడిట్ల జాబితాలోకి) వస్తుంది. అతను మూడు నెలలకోసారి వేసేవాడై, మధ్య నెలల్లో ఐఎఫ్ఎఫ్‌లో (ఆ నెలల బిల్లులు చూపించే సదుపాయంలో) బిల్లు ఎక్కించకపోతే, క్వార్టర్ అయ్యేదాకా మన క్రెడిట్ ఆగుతుంది. ఆర్డర్ ఇచ్చే ముందే ఈ సంగతి అడగాలి. జీఎస్టీ పోర్టల్‌లో అతని నంబర్ కొడితే రిటర్నులు సమయానికి వేస్తున్నాడో లేదో ఎవరైనా చూడొచ్చు. మనవైపు నుంచి బిల్లు డబ్బు 180 రోజుల్లో కట్టకపోతే తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాల్సి వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

ఇవన్నీ చూశాక కూడా మార్చక తప్పకపోతే

పాతవాళ్లతో తెగతెంపులు చేసుకునే ముందు ప్యాటర్న్లు (పోతకు వాడే నమూనాలు), జిగ్‌లు, ఫిక్చర్లు (పని చేసేటప్పుడు ముక్కను పట్టి ఉంచే సాధనాలు) ఎవరి దగ్గరున్నాయో లెక్క తీయండి. డబ్బు మనదే అయినా కాగితం లేకపోతే అవి ఫౌండ్రీలోనే ఉండిపోతాయి. కొత్తవాళ్ల షాపుకి స్వయంగా వెళ్లండి. ఆఫీసు గదిలో టీ తాగి వచ్చేయకుండా రిజెక్ట్ అయిన ముక్కలు ఎక్కడ పెడతారో చూపించమనండి. వాటికి ఎర్ర రంగు పూసి విడిగా పెట్టారంటే మంచి సూచన, మంచి సరుకు పక్కనే పడేసి ఉంటే ఆ కొటేషన్ ఎంత తక్కువైనా వద్దు. మొదట కొన్ని పీసులకే ట్రయల్ ఆర్డర్ ఇచ్చి, ఆ లాట్‌లో ప్రతి పీసునూ కొలవండి. అది పాసయ్యేదాకా పాతవాళ్ల పీఓ క్యాన్సిల్ చేయకండి.