సమురాయ్ చాంప్లూ ఎలా చూడాలి? బలాబలాలు ఎలా బేరీజు వేయాలి?

యానిమే (జపాన్ యానిమేషన్) అభిమానులు ఎవరిని అడిగినా 'సమురాయ్ చాంప్లూ' సిరీస్ చూడమంటారు. తీరా మొదలుపెట్టిన వాళ్లలో కొందరు ఐదారు ఎపిసోడ్ల తర్వాత "కథ కదలట్లేదు" అని ఆపేస్తారు. నేను మొదటిసారి మూడు రాత్రుల్లో మొత్తం చూసేశాను. బాగుందో లేదో చెప్పలేకపోయాను. చాలా రోజుల తర్వాత రోజుకొకటి చొప్పున మళ్లీ చూశాను. ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సిరీస్ ఇదే. మీకు ఆ మొదటి పొరపాటు జరగకూడదనే ఇది రాస్తున్నాను.

1. ముందు దీని తీరు తెలుసుకోండి

ఇది 2004లో జపాన్ టీవీలో మొదలై 2005లో ముగిసింది. మొత్తం 26 ఎపిసోడ్లు. దర్శకుడు షినిచిరో వతనబే. కథ ఎడో కాలం నాటిది, అంటే జపాన్‌ను షోగన్లు ఏలిన రోజులు. టీ కొట్టులో పనిచేసే పదిహేనేళ్ల ఫూ, మరణశిక్ష నుంచి ముగెన్, జిన్ అనే ఇద్దరు కత్తివీరుల్ని తప్పిస్తుంది. పొద్దుతిరుగుడు పూల వాసన వచ్చే ఒక సమురాయ్‌ని వెతకడానికి వాళ్లను తోడు రమ్మంటుంది. ఆయన దొరికేదాకా వాళ్లిద్దరూ ఒకరినొకరు చంపుకోకూడదు. అదీ షరతు.

ఇక్కడి నుంచి ప్రతి ఊళ్లో ఒక కొత్త కథ. మన భేతాళ కథలు గుర్తు చేసుకోండి. రాజు, శవం, చెట్టు ఎప్పుడూ అవే, లోపలి కథ మాత్రం మారుతుంది. ఇదీ అంతే. "ఆ సమురాయ్ ఎప్పుడు దొరుకుతాడు?" అని టెన్షన్ పడుతూ కూర్చుంటే చేతిలో ఉన్న కథ జారిపోతుంది.

2. రోజుకు ఒకటి, మహా అయితే రెండు

వరసబెట్టి చూస్తే పదే పదే వచ్చే విషయాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. చేతిలో డబ్బుండదు, ఆకలేస్తుంది, ముగ్గురూ విడిపోతారు, ఫూని ఎవరో ఎత్తుకుపోతారు. ఈ చివరిది మరీ ఎక్కువసార్లు జరుగుతుంది. అంత తెలివైన పిల్లను అన్నిసార్లు బందీని చేయడం రచయితల బద్ధకమే అని నా అభిప్రాయం. రోజు గడిచాక చూస్తే ఆ చిరాకు సగం తగ్గుతుంది. రెండు భాగాలుగా వచ్చే కథల్ని మాత్రం విడదీయకండి. 13-14, 16-17, 20-21 జంటగా చూడాల్సినవి.

హింస, వేశ్యావాటికల ప్రస్తావన ఉన్నాయి. పిల్లలతో కూర్చుని చూసేది కాదు.

3. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి

ఈ సిరీస్‌కి సగం ప్రాణం సంగీతమే. నుజబేస్, ఫ్యాట్ జాన్, త్సుచీ, ఫోర్స్ ఆఫ్ నేచర్ కలిసి కట్టిన హిప్‌హాప్ అది. జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావాలో అన్నీ కలిపి వేయించే వంటకాన్ని 'చాంపురూ' అంటారు, సిరీస్ పేరులోని 'చాంప్లూ' అక్కడిదే. పాత కాలం కథకి హిప్‌హాప్ కలపడమూ అలాంటిదే. మొదటి ఎపిసోడ్‌లో సీన్ మారే చోట డీజే రికార్డును గీకినట్టు చప్పుడు వస్తుంది. కాలం వెనక్కీ ముందుకూ పోతుంది.

పోరాటాలు వచ్చినప్పుడు కత్తుల కంటే కాళ్లను చూడండి. ర్యూక్యూ దీవుల (ఒకినావా వైపు) నుంచి వచ్చిన ముగెన్ బ్రేక్‌డాన్స్ వేసినట్టు నేల మీద చేతులాన్చి తిరుగుతూ కొడతాడు. కళ్లద్దాల జిన్ డోజోలో (కత్తిసాము నేర్పే బడిలో) నేర్చినవాడు, వెన్ను నిటారుగా ఉంటుంది, అనవసరంగా ఒక్క అడుగు కూడా వేయడు. వాళ్ల స్వభావాలేమిటో ఒక్క మాట లేకుండా అక్కడే తెలిసిపోతుంది.

4. ఒక్కో ఎపిసోడ్‌ను విడి కథగా తూకం వేయండి

చూశాక ఒక ప్రశ్న వేసుకోండి: ముందూ వెనకా ఏమీ తెలియనివాళ్లకు ఇదొక్కటే చూపిస్తే నిలబడుతుందా?

11వ ఎపిసోడ్ తీసుకోండి. భర్త అప్పుల వల్ల వేశ్యావాటికకు అమ్ముడుపోతున్న షినో, జిన్‌కు వానలో వంతెన మీద కనిపిస్తుంది. ఎక్కువ మాట్లాడని ఈ మనిషి ఆమెను ఎలాగైనా తప్పించాలనుకుంటాడు. ఆమెకున్న దారి ఒక్కటే, విడాకులు కోరే ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే గుడి. అలాంటి గుళ్లు నిజంగానే ఉండేవి, కామకురాలోని తోకేజీ అందులో పేరున్నది. ఇరవై నిమిషాల్లో ఒక ప్రేమ పుట్టి, పడవ ఎక్కి దూరమైపోతుంది. మర్నాటి ఎపిసోడ్‌లో ఆమె ప్రస్తావన లేకపోయినా, జిన్ మౌనం మనకు ఇంకోలా వినిపిస్తుంది. విడివిడి కథల సిరీస్‌లో ఎదుగుదల అంటే ఇదే. కథ కదలకపోయినా మనుషులతో మన పరిచయం పెరుగుతుంది.

5. తేలిపోయే చోట్లు ముందే తెలుసుకోండి

12వది ఫూ డైరీ పేరుతో పాత సీన్లను మళ్లీ చూపిస్తుంది. తొందరగా ఉంటే వదిలేయొచ్చు. 22లో చచ్చినవాళ్లు లేచొస్తారు, 23లో అమెరికన్ల మీద బేస్‌బాల్ ఆట. రెండూ సరదాగానే ఉంటాయి, అవి వచ్చిన చోటే తప్పు. 20-21లో గుడ్డి గాయని సారా కథ గుండెను పిండేస్తుంది. ఆ బరువు దిగకముందే ఈ అల్లరి వస్తుంది, వెంటనే ముగింపు మొదలవుతుంది. కాబట్టి సారా కథ తర్వాత రెండు మూడు రోజులు ఆగండి. 23 అయ్యాక మళ్లీ ఒకరోజు ఆగండి.

6. చివరి మూడూ ఒకే రాత్రి చూడండి

24 నుంచి 26 వరకు ఒకటే కథ. ఇక్కడ కొంచెం చరిత్ర తెలిస్తే మేలు. 1637-38లో జపాన్ దక్షిణ దీవి క్యూషూలోని షిమబారాలో రైతులు తిరగబడ్డారు, వాళ్లలో క్రైస్తవులు ఎక్కువ. దాన్ని అణచివేశాక క్రైస్తవులు రహస్యంగా బతకాల్సి వచ్చింది. పొద్దుతిరుగుడు పూల గుట్టు ఆ నేపథ్యంలోనే ఉంది, ఇంతకంటే చెప్పను.

అసలు లోపం ఇక్కడే ఉంది. అందరికంటే బలమైన శత్రువు కరియా కగెతోకి ఈ మూడు ఎపిసోడ్లలోనే దిగుతాడు. ముందు నుంచీ అతని నీడ కథ మీద పడి ఉంటే ఆ పోరాటానికి ఇంకెంతో బరువు వచ్చేది. ఆ లోటు మాత్రం నేను ఎన్నిసార్లు చూసినా తీరలేదు.

అయినా ఆఖర్లో ముగ్గురూ నాలుగు దారుల కూడలిలో నిలబడినప్పుడు నాకు ఆ లోటు గుర్తుకు రాదు. ఏడుపులుండవు, పెద్ద మాటలుండవు. ఎవరి దారిన వాళ్లు నడిచిపోతారు. అప్పుడు మిడిక్రోనికా అనే హిప్‌హాప్ బృందం పాట మొదలవుతుంది. అది పూర్తయ్యేదాకా ఆపకండి.