ఛాతీ షేవింగ్ తర్వాత మంట, పొక్కులు, దురద: ఏది ఎందుకు వస్తుంది, ఏం చేయాలి

ఒంగోలులో ఒక మెడికల్ షాపు కౌంటర్ వెనక చాలా ఏళ్లు నిలబడ్డాను. ఏటా జనవరి మూడో వారం వచ్చేసరికి ఒకే రకం బాధతో కుర్రాళ్లు వచ్చేవాళ్లు. అయ్యప్ప మాల తీసేశాక, 41 రోజులు పెరిగిన గడ్డంతోపాటు ఛాతీ మీద వెంట్రుకలు కూడా అదే రేజర్‌తో గీసేసుకున్నవాళ్లు. మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో పెళ్లికొడుకులు, జిమ్‌కు వెళ్లేవాళ్లు, ఉక్క తట్టుకోలేక తీసేసుకున్నవాళ్లు. షాపులో ఆడవాళ్లు ఉంటే పక్కకు జరిగి, వాళ్లు వెళ్లాక గొంతు తగ్గించి, "అన్నా, ఇక్కడ మంటగా ఉంది, ఏదన్నా ఆయింట్‌మెంట్ ఇయ్యి" అనేవాళ్లు. గడ్డం గీసుకోవడం ఇంట్లో నాన్నో, సెలూన్‌లో అన్నో నేర్పుతారు. ఛాతీ సంగతి ఎవరూ చెప్పరు, అడగడానికి సిగ్గు. ఆ సిగ్గు వల్ల చిన్న మంటతో పోవాల్సింది పుండు దాకా వెళ్లడం చూశాను. అందుకే మీ ఒంటి మీద ఏం కనిపిస్తోందో దాన్నిబట్టి చూసుకునేలా ఇది రాస్తున్నాను.

రేజర్ ముందుకు సాగదు, వెంట్రుకలు పీకినట్టు లాగుతాయి

పొడుగు వెంట్రుకల మీద నేరుగా బ్లేడు పెట్టారు. రెండు మూడు గీతలకే వెంట్రుకలు బ్లేడ్ల మధ్య ఇరుక్కుంటాయి. అప్పుడు ఎవరైనా ఇంకాస్త నొక్కుతారు. తర్వాత వచ్చే కష్టాల్లో చాలావరకు ఆ నొక్కడంతోనే మొదలవుతాయి.

ముందు పొడి ఒంటి మీద ట్రిమ్మర్‌తో రెండు మూడు మిల్లీమీటర్లకు తగ్గించండి. ట్రిమ్మర్ లేకపోతే దువ్వెన అడ్డం పెట్టి చిన్న కత్తెరతో తీయండి. ఆ తర్వాత స్నానం. గోరువెచ్చని నీళ్లు ఐదు, పది నిమిషాలు పడితే వెంట్రుక నీళ్లు పీల్చుకుని మెత్తబడి తేలిగ్గా తెగుతుంది. రేజర్ ఛాతీ కోసమే విడిగా ఉండాలి, బ్లేడు పదునుగా ఉండాలి. గడ్డానికి వారం వాడిన బ్లేడు ఇక్కడ పనికిరాదు. ప్రతి గీతకూ నీళ్లలో ఆడించి మళ్లీ పెట్టండి. రూమ్‌మేట్ రేజర్, అన్న రేజర్ అసలు ముట్టుకోవద్దు. కంటికి కనిపించనంత రక్తం అంటుకుని ఉన్నా హెపటైటిస్ బి, సి లాంటివి దాని ద్వారా వచ్చే అవకాశం ఉంది.

నా సలహా అడిగితే చాలామంది ట్రిమ్మర్ దగ్గరే ఆగిపోవడం మంచిది. వెంట్రుక కాస్త పొట్టిగా మిగిలి ఉంటే చెమట పట్టినా చిరాకు ఉండదు, కింద చెప్పబోయే పొక్కుల్లో చాలావరకు రావు. నున్నగానే కావాలి అనుకునేవాళ్లు ముందుకు చదవండి.

గీసిన గంటలోపే ఎర్రబడి, సబ్బు తగిలితే భగ్గుమంటుంది

బ్లేడు వెంట్రుకతోపాటు చర్మం పైపొరను కూడా గీకేసింది. తడి చాలకపోవడం, ఒకే చోట నాలుగైదుసార్లు గీయడం, వెంట్రుకకు ఎదురు గీయడం, వీటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది.

మన వైపు ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది నీళ్లు. కనిగిరి, పొదిలి ప్రాంతం బోరు నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. షేవింగ్‌కు అడ్డం పడేది అది కాదు, నీళ్లలో ఎక్కువగా ఉండే కాల్షియం, మెగ్నీషియం. సబ్బు వాటితో కలిసి విరిగిపోయి తెట్టెలా తేలుతుంది, నురగ నిలవదు. నురగ లేకపోతే బ్లేడుకూ చర్మానికీ మధ్య ఏ అడ్డూ లేనట్టే. పైగా ఆ తెట్టె చర్మం మీద అంటుకుపోయి ఆరాక చురచుర పెడుతుంది. దీనికి ఖర్చు పెట్టాల్సిన పనేం లేదు. తాగడానికి తెచ్చుకునే క్యాన్ నీళ్లలోంచి ఒక చెంబుడు వేడిచేసి నురగకు వాడండి, ఇంకో చెంబుడు ఆఖర్న కడుక్కోవడానికి ఉంచుకోండి. స్నానం సబ్బు బదులు షేవింగ్ ఫోమ్ గానీ జెల్ గానీ రాసి రెండు నిమిషాలు ఆగండి.

ఏ వైపు గీయాలన్నది ఛాతీ మీద గడ్డమంత తేలిక కాదు. ఒక చోట కిందికి, ఒక చోట పక్కకు, చనుమొనల చుట్టూ సుడి తిరిగి పెరుగుతాయి. నురగ రాయకముందే అద్దం ముందు నిలబడి అరచేత్తో నిమరండి. చెయ్యి నున్నగా జారే వైపే బ్లేడు కూడా జారాలి. గీతలు పొట్టిగా, రేజర్ బరువు తప్ప మీ బలం పడకుండా గీయండి. ఎదురు గీస్తే ఇంకా నున్నగా వచ్చే మాట నిజమే. ఆ నునుపు మూడు రోజులే, పొక్కులు మాత్రం మూడు వారాలు.

ఇప్పటికే మంట ఉంటే చల్లని తడిబట్ట పది నిమిషాలు వేసి ఉంచండి. వాసన లేని మాయిశ్చరైజర్ పలచగా రాయండి. ఆఫ్టర్‌షేవ్, డియోడరెంట్, పౌడర్ రెండు రోజులు వద్దు. మంట పుట్టిన చర్మం మీద పటిక రుద్దడం కూడా వద్దు, అది చిన్న గాటుకు పనికొస్తుంది, ఒరుసుకుపోయిన ఛాతీకి కాదు. వదులు కాటన్ చొక్కా వేసుకోండి. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. మళ్లీ ఎప్పుడైనా షేవింగ్ రాత్రి పడుకోబోయే ముందు పెట్టుకోండి. పొద్దున్నే గీసుకుని మే నెల ఎండలో చెమటతో తడిసి, బిగుతు చొక్కా ఒరుసుకుంటే ఏ క్రీమూ ఆపలేదు. గీసిన రోజే మైపాడులోనో కొత్తపట్నంలోనో సముద్రంలో దిగితే ఉప్పు నీళ్లు పచ్చి చర్మాన్ని మండించేస్తాయి.

రెండు మూడు రోజులకు గట్టి పొక్కులు

ముందు అవి చెమటకాయలేమో చూసుకోండి. చెమటకాయలు సన్నగా, ఒత్తుగా, గీయని వీపు మీదా మెడ మీదా కూడా ఉంటాయి, సూదులతో గుచ్చినట్టు ఉంటుంది, ఫ్యాన్ కింద చల్లబడితే తగ్గుతాయి. షేవింగ్ పొక్కు గీసిన చోటే వస్తుంది, ఒక్కో వెంట్రుక మొదట్లో ఒక్కోటి.

కోసిన వెంట్రుక కొస వాడిగా ఉంటుంది. ఉంగరాలు తిరిగే వెంట్రుకైతే బయటికి రాకుండా వంగి పక్కన చర్మంలోకే దిగుతుంది. మూడు, ఐదు బ్లేడ్ల రేజర్ వెంట్రుకను పైకి లాగి చర్మం లెవెల్ కంటే కిందికి కోస్తుంది, కాబట్టి అది లోపలే దారి తప్పుతుంది. రెండు రకాలుగానూ మన ఒళ్లు దాన్ని ముల్లు గుచ్చుకున్నట్టే చూసి, చుట్టూ వాపు పెడుతుంది.

నెల రోజులు రేజర్ పక్కన పెట్టేయండి. రోజూ రెండు పూటలా గోరువెచ్చని తడిబట్ట పది నిమిషాలు కాపడం పెట్టండి. చాలా వెంట్రుకలు పెరిగేకొద్దీ వాటంతట అవే బయటపడతాయి. ఉంగరంలా పైకి కనిపించేదాన్ని శుభ్రమైన పట్టుకారుతో కొస లేపి వదలండి, పీకొద్దు. సాలిసిలిక్ యాసిడ్ ఉన్న లోషన్ మృతచర్మాన్ని వదిలించి దారి ఇస్తుంది. అయితే మంట తగ్గాకే వాడాలి. మళ్లీ గీయాలనుకున్నప్పుడు ఒకటే బ్లేడున్న రేజర్ తీసుకోండి, చర్మాన్ని సాగదీసి గీయకండి.

గోళ్లతో గిల్లడం, పిన్నుతో తవ్వడం మాత్రం వద్దని చేతులు పట్టుకుని చెబుతాను. ఛాతీ మధ్య ఎముక మీద చర్మానికి ఒక గుణం ఉంది. చెవి తమ్మె, భుజం లాగే, ఇక్కడ కూడా చిన్న గాయం మానేటప్పుడు మచ్చ ఆగకుండా పెరిగి గట్టి బొడిపెలా, గులాబీ రంగులో ఉబ్బిపోవచ్చు. కీలాయిడ్ అంటారు. దురద, లాగుడు, చొక్కా తగిలినా నొప్పి. దాన్ని తగ్గించడానికి నెలల తరబడి ఇంజెక్షన్లు కావాలి, కోసి తీసినా మళ్లీ రావచ్చు. మీకు గానీ మీ అమ్మానాన్నలకు గానీ ఇలాంటి మచ్చ ఉంటే ఛాతీకి బ్లేడు పెట్టొద్దు, ట్రిమ్మర్ చాలు.

పొక్కు తల తెల్లబడి చీము పట్టింది

వెంట్రుక మొదట్లోకి బ్యాక్టీరియా చేరింది. పాత బ్లేడు, తడి తువ్వాలు, గీసుకున్న వెంటనే జిమ్‌లో అందరూ పడుకునే బెంచీ, ఇవే ఎక్కువగా దారులు. నాలుగైదు చిన్న పొక్కులే అయితే రోజుకు ఒకసారి బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్‌తో కడుక్కుంటే చాలావరకు తగ్గుతాయి. అది బట్టల రంగు పోగొడుతుంది, బాగా కడిగాక తెల్ల తువ్వాలుతోనే తుడుచుకోండి. కొబ్బరినూనె రాయకండి, కుదుళ్లు ఇంకా మూసుకుంటాయి.

సెగగడ్డలా పెద్దదై నొప్పి పుడుతుంటే, ఎరుపు చుట్టూ పాకుతుంటే, జ్వరం వస్తే, ఇక ఇంటి వైద్యం ఆపండి. షుగర్ ఉన్నవాళ్లు అంతదాకా కూడా ఆగకూడదు. ఒంగోలులోనూ నెల్లూరులోనూ ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో చర్మం డాక్టర్లు ఉంటారు. చొక్కా విప్పి చూపించడానికి మొహమాటపడకండి, వాళ్లు రోజూ చూసేదే.

గుండ్రంగా అంచు లేచి, మధ్యలో మానినట్టు, విపరీతంగా దురద

ఇది షేవింగ్ పొక్కు కాదు, తామర. చెమట, తడి బట్టలు దీనికి బలం. గీసిన చర్మం మీద తేలిగ్గా అంటుకుంటుంది, రేజర్ దాన్ని పక్కలకు మోస్తుంది. ఇక్కడ కౌంటర్ వెనక నుంచి ఒక మాట చెప్పాలి. మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబులు దొరుకుతాయి, వాటిలో క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండో రోజుకే దురద పోతుంది, కాబట్టి జనం అదే పేరు చెప్పి అడుగుతారు. మొదట్లో నేనూ ఇచ్చాను. ఎరుపు తగ్గినట్టు కనిపిస్తూ లోపల ఫంగస్ పాకుతుంది, చర్మం పలచబడుతుంది, చారలు పడతాయి. అదే కుర్రాడు ఛాతీ నుంచి నడుము దాకా తామరతో మళ్లీ వచ్చినప్పుడు నాకు బాధేసింది. ట్యూబు మీద ఆ పేర్లు ఉంటే వెనక్కి ఇచ్చేయండి. డాక్టర్ రాసిన మందు పూర్తి రోజులు వాడాలి, ఈలోగా గీయడం మానాలి.

నాలుగో రోజు నుంచి ఊరికే దురద, తడిమితే గరుకు

మొండి కొసలు పైకి వస్తున్నాయి, అంతే. వారంలో సర్దుకుంటుంది. గీస్తే మందంగా వస్తాయన్న భయం వద్దు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త పరీక్షించి, షేవింగ్ వల్ల వెంట్రుక లావూ కాదు, వేగంగానూ పెరగదు అని తేల్చారు. సహజంగా సన్నగా ఉండే కొస తెగిపోయింది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది.

తెగి రక్తం ఆగట్లేదు

శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు, మధ్యలో తీసి చూడకుండా, నొక్కి పట్టండి. కాఫీపొడి, పసుపు అద్దకండి. ఎక్కువగా తెగేది చనుమొన, పుట్టుమచ్చ. చనుమొనను రెండు వేళ్లతో మూసి పక్కన గీయండి, ఉబ్బెత్తు పుట్టుమచ్చ చుట్టూ కత్తెర వాడండి. గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లకు ట్రిమ్మరే సరి.

హెయిర్ రిమూవల్ క్రీమ్ రాస్తే కాలినట్టయింది

ఆ క్రీమ్‌లోని క్షారం, థయోగ్లైకోలేట్ వెంట్రుకను కరిగిస్తాయి. పెట్టె మీద రాసిన టైమ్ దాటితే చర్మాన్నీ వదలవు. వెంట్రుకలు ఒత్తుగా ఉన్నాయని ఇంకో ఐదు నిమిషాలు ఉంచడమే అందరూ చేసే తప్పు. వెంటనే తుడిచి, ధారగా చల్లని నీళ్లతో బాగా కడగండి. బొబ్బలు లేస్తే డాక్టర్‌కు చూపించండి. ఇకముందు ముంజేతి మీద కాస్త రాసి ఒక రోజు చూశాకే ఛాతీకి వాడండి. ముందురోజు గీసిన చర్మం మీదా, చనుమొనల మీదా రాయకూడదు.

ఆపరేషన్ ఉంది, ముందే నున్నగా గీసుకుని వెళ్లాలా

వద్దు. ఈ ప్రశ్న పెద్దవాళ్లకే ఎక్కువ, వాళ్ల పిల్లలు వచ్చి అడిగేవాళ్లు. బ్లేడు కంటికి కనిపించని గాట్లు పెడుతుంది, వాటిలో సూక్ష్మజీవులు చేరి ఆపరేషన్ గాయానికి ఇన్‌ఫెక్షన్ తెస్తాయి. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో కూడా, వెంట్రుకలు అసలు తీయకపోవడం, తప్పనిసరైతే క్లిప్పర్‌తో మాత్రమే తీయడం అని ఉంది. ఈసీజీకి కూడా అంతే, పట్టీ అంటకపోతే అవసరమైనంత మేర అక్కడి సిబ్బందే తీస్తారు. నాన్నగారిని తీసుకెళ్లేటప్పుడు ముందురోజు సబ్బుతో స్నానం చేయించి, ఛాతీ జోలికి పోకుండా తీసుకెళ్లండి.