ముందు మైకు సెట్టు కొనకండి

బెంగళూరులో కొత్తగా చర్చి పరిచర్య మొదలుపెడుతున్న తమ్ముళ్లూ, ముందు మైకు సెట్టు కొనకండి. ఆరాధన అవ్వగానే చెప్పులేసుకుని గబగబా వెళ్లిపోయేవాళ్లను గమనించండి, మారతహళ్లి పీజీల్లో ఉండే మన పిల్లలే ఎక్కువ, ఆలస్యమైతే అక్కడ అన్నం అయిపోతుందని వాళ్ల టెన్షన్. అందుకే ఒక కుక్కరు అన్నం, పప్పుచారు, గోంగూర పచ్చడి పెట్టి, కింద కూర్చుని వాళ్లతో పాటే తినండి. ఉద్యోగం పోయిన సంగతి రెండో ముద్ద దగ్గర బయటికొస్తుంది. వెంటనే బైబిల్ వాక్యం ఎత్తుకోవద్దు (నేను ఎత్తుకున్నాను, ఆ అబ్బాయి మళ్లీ రాలేదు). వినండి, మంగళవారం ఫోన్ చేసి "తిన్నావా నాన్నా" అనండి. ఆ సంగతి అందరి ముందు ప్రార్థనలో మాత్రం పెట్టకండి.

పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి వాళ్లతో కలిసి డేరాలు కుట్టాడు, అపొస్తలుల కార్యములు 18లో ఉంది. ఆ ఊళ్లో ఏడాదిన్నర ఉన్నాడు. మనమేమో 3 నెలలకే తలలు లెక్కపెట్టుకుంటాం.

ఇంకోటి, కుర్చీలన్నీ మీరే సర్దకండి. హాలు తాళంచెవి కొత్తగా వచ్చిన ఇద్దరికి ఇచ్చాను, మొన్న ఆదివారం వానలో తడుస్తూ నాకంటే ముందే వచ్చేశారు.