ట్రెజరీ బిల్లా, డెట్ ఫండా, ఎఫ్‌డీనా? డబ్బు పెట్టే ముందు జాగ్రత్తలు

- ముందు ఆ డబ్బు ఎప్పుడు కావాలో తేల్చుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే. ఆరు నెలల్లో కాలేజీ ఫీజు కట్టాలంటే 91 లేదా 182 రోజుల ట్రెజరీ బిల్లు (ప్రభుత్వం కొద్దికాలానికి అప్పు తీసుకుంటూ ఇచ్చే పత్రం) చాలు. ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్‌లో (మనలాంటివాళ్లు వీటిని నేరుగా కొనే ఆర్‌బీఐ వెబ్‌సైట్) ఖాతా తెరిస్తే 10,000 రూపాయల నుంచే కొనొచ్చు. వడ్డీ విడిగా రాదు, 100 రూపాయల బిల్లును తక్కువకు కొంటాం, గడువుకు 100 వస్తుంది. మధ్యలో అమ్ముదామంటే కొనేవాళ్లు వెంటనే దొరక్కపోవచ్చు, అందుకే గడువు దాకా ఆగగలిగే డబ్బే పెట్టండి.

- డెట్ ఫండ్ (మన డబ్బును బాండ్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్) అంటే ఎఫ్‌డీ లాంటిదే అని ఎవరైనా చెబితే దయచేసి నమ్మకండి. గిల్ట్ ఫండ్‌లో ఉండేవి ప్రభుత్వ బాండ్లే అయినా వడ్డీ రేట్లు పెరిగితే ఎన్‌ఏవీ (ఫండ్ యూనిట్ ధర) పడుతుంది: డ్యూరేషన్ (రేట్లు మారితే ఫండ్ విలువ ఎంత కదులుతుందో చెప్పే కొలత) 7 ఏళ్లుంటే, రేటు 1 శాతం పెరిగినప్పుడు విలువ సుమారు 7 శాతం తగ్గుతుంది. క్రెడిట్ రిస్క్ ఫండ్ (అంతగా భరోసా లేని కంపెనీల బాండ్లు కొనేది) అయితే ఇంకో టెన్షన్, ఆ కంపెనీలు అప్పు తీర్చకపోవచ్చు. 2020 ఏప్రిల్‌లో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే ఫండ్ సంస్థ ఆరు డెట్ పథకాలు ఆపేస్తే మదుపరుల డబ్బు ఒక్కసారిగా ఇరుక్కుపోయింది. ఫ్యాక్ట్‌షీట్‌లో (ఫండ్ వివరాల పత్రం) డ్యూరేషన్, బాండ్ల రేటింగ్ (అప్పు తిరిగొస్తుందన్న భరోసాకు ఇచ్చే గ్రేడు) రెండూ చూడకుండా సంతకం పెట్టొద్దు.

- పన్ను: 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న డెట్ ఫండ్ లాభం, ఎన్నేళ్లు ఉంచినా, మీ ఆదాయపు పన్ను స్లాబ్ ప్రకారమే.

- ఎఫ్‌డీకి బీమా ఒక్కో బ్యాంకులో, వడ్డీతో కలిపి, 5 లక్షల వరకే. అంతకంటే ఎక్కువుంటే వేర్వేరు బ్యాంకుల్లో పెట్టండి.

- నామినీ పేరు రాయించారా?