పిల్లల జీపీఎస్ వాచీలో సిమ్ వేసి సిద్ధం చేయడం

కొనేముందు 2జీనా, 4జీనా చూడండి. జియోకి 2జీ లేదు, కాబట్టి 2జీ వాచీలో ఆ సిమ్ పనిచేయదు.

సిమ్‌ని ముందు ఫోన్‌లో వేసి కాల్, డేటా రెండూ చూసుకోండి. సిమ్‌కి పిన్ లాక్ ఉంటే తీసేయండి. చాలా వాచీల్లో పిన్ కొట్టే వీలే ఉండదు. వాచీ ఆపేసి సిమ్ పెట్టి, మూత రబ్బరు గట్టిగా నొక్కండి. అది వదులైతే చేతులు కడిగినప్పుడే నీళ్లు లోపలికి పోతాయి. సిగ్నల్ ఉండి డేటా రాకపోతే ఏపీఎన్ (సిమ్ కంపెనీ ఇంటర్నెట్‌కి కలిపే సెట్టింగ్) సరిచూడండి.

వాచీ వెనకున్న క్యూఆర్ కోడ్‌ని దాని యాప్‌లో స్కాన్ చేయగానే పాస్‌వర్డ్ మార్చండి. ఇది మాత్రం వాయిదా వేయొద్దు. చౌక వాచీలు చాలావరకు 123456తోనే వస్తాయి. అలాగే వదిలేస్తే పిల్లలు ఎక్కడున్నారో పరాయివాళ్లూ చూడగలరు. తెలిసిన నంబర్ల నుంచే కాల్స్ వచ్చేలా పెట్టండి.

లొకేషన్‌ని గదిలో కాదు, డాబా మీద పరీక్షించండి. లోపల జీపీఎస్ సరిగా అందక టవర్ లెక్కన చూపిస్తుంది, వందల మీటర్లు తేడా వస్తుంది. అందుకే బడి చుట్టూ సేఫ్ జోన్ 300 మీటర్ల కంటే తగ్గించకండి, లేకపోతే క్లాసులో ఉన్నా 'బయటికెళ్లాడు' అని అలర్ట్ వస్తుంది. నిమిషానికోసారి లొకేషన్ పంపితే బ్యాటరీ బడి వదిలేలోపే అయిపోవచ్చు. 10 నిమిషాలకోసారి చాలు.

ఛార్జింగ్ పెట్టేముందు పిన్నుల మీది చెమట పొడిగుడ్డతో తుడవండి, లేకపోతే తుప్పుపడతాయి.